ఊరు మారారు... మరి కాగితాలు?

పాతబస్తీలో చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల బ్యారక్‌లు ఉండేవి ఇక్కడ. ఆ మాటే జనం నోట నలిగి బార్కస్ అయింది. వలసతో పుట్టిన పేట కదా... ఇప్పటికీ ఏదో ఒక ఇంటి నుంచి ఎవరో ఒకరు సౌదీకో దుబాయ్‌కో బెంగళూరుకో ప్రయాణమవుతూనే ఉంటారు. సామాన్లన్నీ సర్దుకుంటారు. బీరువాలోని వీలునామా, పవర్ ఆఫ్ అటార్నీల సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఈ పేటలో సొంతిల్లున్న ఓ పెద్దాయన ఉన్నారనుకుందాం. ఇద్దరు కొడుకులు, ఓ కూతురు. భార్య పోయాక చిన్నకొడుకు ఆయన్ని బెంగళూరు తీసుకెళ్లాడు. వెళ్లేముందు అద్దెలు, పన్నులు చూడమని బావమరిదికి జీపీఏ ఇచ్చారు. ఇల్లు చిన్నకొడుక్కే చెందాలని వసీయత్ రాసి దాచుకున్నారు. కొన్నాళ్లకు బెంగళూరులోనే కన్నుమూశారు. ఇక మొదలైంది గొడవ.

'కాగితం నా చేతిలో ఉంది, ఇల్లు నేనే అమ్ముతా' అన్నాడు మామూ. 'అబ్బా నాకే రాశారు' అన్నాడు చిన్నకొడుకు. 'మరి నా వాటా?' అంది కూతురు.

మామూ మాట చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అధికారం ఇచ్చిన మనిషి పోతే ఆ అధికారమూ పోతుంది. ఆ ఆస్తిలో ఏజెంటుకు సొంత హక్కు ఉంటేనే మినహాయింపు. అద్దెలు వసూలు చేసే జీపీఏకి అది వర్తించదు. జీపీఏ అమ్మకాలతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు కూడా 2011లో తేల్చి చెప్పింది.

చిన్నకొడుకు మాటా పూర్తిగా నిలవదు. ముస్లింలు అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు వరకే వీలునామా రాయగలరు. అదీ వారసుడికే రాస్తే, తండ్రి పోయాక మిగతా వారసులు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఇల్లు అయిదు భాగాలు... కొడుకులకు రెండేసి, కూతురికి ఒకటి.

రాష్ట్రం మారినంత మాత్రాన వీలునామా మురిగిపోదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించాలనుకుంటే గడువూ లేదు. హిందువులు, క్రైస్తవుల వీలునామాకు మాత్రం 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆ సాక్షులు చనిపోయినా, జాడ తెలియకపోయినా, కొత్త ఊళ్లో కొత్తది రాయించుకోవడం మేలు. పాతవన్నీ రద్దని అందులో రాయడం మరవకూడదు.

పవర్ ఆఫ్ అటార్నీ సంగతి వేరు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మీ తరఫున కాగితాలు దాఖలు చేసే అధికారం ఇవ్వాలంటే, 1908 నాటి చట్టం ప్రకారం మీరు నివసించే ప్రాంతపు సబ్‌రిజిస్ట్రార్ దాన్ని ధ్రువీకరించాలి. బెంగళూరులో ఉంటే అక్కడే పని అయిపోతుంది, హైదరాబాద్ రానక్కర్లేదు. గల్ఫ్‌లో ఉంటే నోటరీ ముందో, భారత కాన్సులేట్‌లోనో సంతకం చేయాలి. ఆ కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టాలి.

ఇచ్చిన అధికారం వెనక్కి తీసుకుంటే సరిపోదు. ఆ విషయం ఏజెంటుకు, అద్దెకున్నవారికి, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలియనంత వరకూ పాత కాగితం పనిచేస్తూనే ఉంటుంది మరి!

చిన్నకొడుక్కే ఇవ్వాలన్నది ఆ పెద్దాయన కోరికైతే, బతికుండగానే హిబా చేసి ఇల్లు స్వాధీనం చేసే దారి ఉంది. అంతకంటే ముందు ముగ్గురు పిల్లల్నీ కూర్చోబెట్టి మనసులో మాట చెప్పి ఉంటే బాగుండేది. ఇల్లు మారగానే గ్యాస్ కనెక్షన్ మార్పించుకుంటాం. అదేరోజు బీరువా తెరిచి ఆ రెండు కాగితాలూ ఓసారి చదువుకుంటే, అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కే పని తప్పుతుంది.