అవి ఓట్సా... ఓట్స్‌ పరమాన్నమా?

రాత్రి పడుకోబోయే ముందు ఓ గాజు సీసాలో ఓట్స్‌, పాలు, నాలుగు గింజలు వేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. పొద్దున్నే మూత తీసి తినేస్తారు. పొయ్యి వెలిగించే పని లేదు, పెనం తోమే పని లేదు. ‘ఓవర్‌నైట్‌ ఓట్స్‌’ అని పిలుచుకునే ఈ అల్పాహారం ఇప్పుడు మన ఇళ్లలోకీ వచ్చేసింది. వైద్యుడిగా నాకు దీని మీద అభ్యంతరం లేదు. పైగా ఇష్టమే. నా పేచీ అంతా అందులో కలిపే తీపితోనే. రెండు పెద్ద చెంచాల తేనె, నాలుగు ఖర్జూరాలు, పైన చాక్లెట్‌ పొడి వేసుకున్నాక అది ఓట్స్‌ కాదు, ఓట్స్‌తో చేసిన పరమాన్నం. పరమాన్నం పండగనాడు తింటాం, బాగానే ఉంటుంది. రోజూ పొద్దున్నే తింటేనే తంటా.

మా ఓపీలో ఈ మధ్య తరచూ వింటున్న మాట ఒకటుంది. ‘టిఫిన్లు మానేసి ఓట్సే తింటున్నాను డాక్టర్‌ గారూ, అయినా షుగర్‌ దిగడం లేదు’ అంటారు. ఎలా చేసుకుంటున్నారో వివరంగా అడిగితే చాలాసార్లు సంగతి అక్కడే తేలిపోతుంది. ఓట్స్‌ కొలత సరిగ్గానే ఉంటుంది. తేనెకు, బెల్లానికి మాత్రం కొలతే ఉండదు.

రాత్రే చేసిపెట్టుకోవడం ఎందుకు మంచిది?

ముందు ఇందులోని మంచి చెప్పుకోవాలి. పొద్దున ఏడింటికే బస్సెక్కే ఉద్యోగిని, నైట్‌ డ్యూటీ దిగి ఇంటికొచ్చే నర్సు, హాస్టల్లో ఉండే విద్యార్థి... వీళ్లలో చాలామంది ఉదయం ఏమీ తినరు. పదకొండింటికి ఆకలి కరకరలాడినప్పుడు టీతో పాటు సమోసానో, మిర్చి బజ్జీనో దొరుకుతుంది. ఇలాంటివారికి రాత్రే సిద్ధం చేసుకున్న డబ్బా నిజంగా పనికొస్తుంది. ఇంకో సంగతీ ఉంది. అందరికీ టిఫిన్‌ చేసి పంపడానికి ఇంటి ఇల్లాలే అయిదింటికి లేవాల్సి వస్తోంది. పాలు పోసి మూత పెట్టే ఈ పనిని ఇంట్లో ఎవరైనా చేయగలరు. వారంలో రెండు రోజులైనా ఆమెకు ఓ గంట నిద్ర మిగిలితే, అది కూడా ఆరోగ్యమే.

రాత్రి నానబెట్టి పొద్దున తినడం మనకేమీ కొత్త కాదు. చద్దన్నం, తరవాణి అలా పుట్టినవే. ఓట్స్‌ సంగతికొస్తే, దీనికి ఆద్యుడిగా చెప్పుకునేది ఓ వైద్యుణ్నే. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో మాక్సిమిలియన్‌ బిర్షర్‌-బెన్నర్‌ 1900 ప్రాంతంలో తన రోగులకు నానబెట్టిన ఓట్స్‌ పెట్టించేవారు. ఆయన వంటకంలో ఓట్స్‌ ఒకే ఒక్క పెద్ద చెంచా. అవి రాత్రంతా నీళ్లలో నానేవి. ప్రధాన పదార్థం తొక్కతో సహా తురిమిన యాపిల్‌. దానికి నిమ్మరసం, బాదం లాంటి గింజల పొడి, ఒక చెంచా చిక్కటి తీపి పాలు తోడయ్యేవి. అంటే తీపిలో ఎక్కువ భాగం పండు నుంచే వచ్చేది. నూరేళ్లు దాటేసరికి పండు పైన అలంకారంగా మిగిలింది. తేనె, సిరప్‌లు లోపలికి చేరాయి.

ఓట్స్‌ చేసే మేలెంత?

40 గ్రాముల ఓట్స్‌లో సుమారు 150 కేలరీలు, 5 గ్రాముల ప్రొటీన్‌, 4 గ్రాముల పీచు ఉంటాయి. ఈ పీచులో బీటా గ్లూకాన్‌ అనే రకం ముఖ్యమైనది. అది పేగుల్లో నీటిని పీల్చుకుని జిగురులా మారుతుంది. కాలేయం నుంచి వచ్చిన పైత్యరస ఆమ్లాలను పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. అలా చెడ్డ కొలెస్ట్రాల్‌ అయిన ఎల్‌డీఎల్‌ కొంత తగ్గుతుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్‌ అందితే ఈ ఫలితం కనిపిస్తుందని గుర్తించి, అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో ఓట్స్‌ ప్యాకెట్ల మీద ఆ మాట రాసుకోవడానికి అనుమతించింది. 40 గ్రాముల ఓట్స్‌లో అందులో సగానికి కాస్త అటూ ఇటూగా లభిస్తుంది. మేలు నిజమే గానీ పరిమితమైంది. దీన్ని నమ్ముకుని కొలెస్ట్రాల్‌ మాత్రలు మానేయకూడదు.

నానబెడితే ఓట్స్‌లోని ఫైటిక్‌ ఆమ్లం పోయి ఐరన్‌ బాగా ఒంటబడుతుందన్న ప్రచారం ఒకటుంది. ఓట్స్‌ను మిల్లులోనే ఆవిరి పట్టి, వేడి చేస్తారు. ఫైటిక్‌ ఆమ్లాన్ని విడగొట్టే ఎంజైమ్‌ ఆ వేడికే చాలావరకు పోతుంది. కాబట్టి నానబెట్టినంత మాత్రాన పెద్ద తేడా రాదు. ఐరన్‌ ఒంటికి పట్టాలంటే విటమిన్‌-సి ఉన్న జామ ముక్కలో, నారింజ తొనలో కలుపుకోవడం, వెంటనే టీ, కాఫీ తాగకుండా ఉండటం ఎక్కువ పనిచేస్తాయి.

తీపి లెక్క ఇదీ!

పెద్ద చెంచా తేనెలో సుమారు 17 గ్రాముల చక్కెర ఉంటుంది. రెండు చెంచాలైతే 34 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, విడిగా కలిపే చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో 10 శాతానికి మించకూడదు. 5 శాతం లోపుంటే ఇంకా మేలు. రోజుకు 2000 కేలరీలు తినేవారికి ఆ 5 శాతం అంటే 25 గ్రాములు. అంటే ఆరోగ్యం కోసమని చేసుకున్న ఒక్క డబ్బా, ఇంకా కాఫీ కూడా తాగకముందే ఈ మోతాదును దాటించేస్తోంది.

‘తేనె, బెల్లం సహజమైనవి కదా’ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో తేనె, సిరప్‌లు, పండ్ల రసాలు కూడా చక్కెర పద్దులోకే వస్తాయి. పాలల్లో సహజంగా ఉండే చక్కెర, కోసుకుని తినే పండులోని చక్కెర ఈ పద్దులోకి రావు. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. అందులోని కాస్త ఐరన్‌ కోసం బెల్లం తింటే లాభం కన్నా చక్కెరే ఎక్కువ వస్తుంది. ఖర్జూరం పండే అయినా ఎండి గట్టిపడిన తీపి అది. ఒకటి రెండుతో ఆపాలి.

భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన ఇండియాబ్‌ అధ్యయనం 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని ముంగిట ఉన్నారు. ముంగిట ఉన్నవారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ‘నాకు షుగర్‌ లేదుగా’ అనే ధీమా పరీక్ష చేయించుకున్న తర్వాతే ఉండాలి.

ఇంకో చిక్కేమిటంటే, చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. కరిగిన ఐస్‌క్రీమ్‌ వెగటుగా అనిపించేది అందుకే. ఫ్రిజ్‌లోంచి తీసిన ఓట్స్‌ చప్పగా అనిపిస్తే మరుసటి రోజు మరో చెంచా పెంచుతాం. అలా పెంచిన చెంచా మళ్లీ తగ్గదు. అందుకే నేను చెప్పే నియమం ఒక్కటే. రాత్రి డబ్బాలో ఏ తీపీ కలపొద్దు. తీపి సంగతి పొద్దున చూసుకోండి.

ఇలా చేసుకోండి

ఒకరికి 40 గ్రాముల ఓట్స్‌ చాలు. 240 మిల్లీలీటర్ల కప్పుతో సగం కొలిస్తే అంతే అవుతాయి. ‘రోల్డ్‌ ఓట్స్‌’ అని రాసి ఉన్నవి నానడానికి బాగుంటాయి. పలుచని ఇన్‌స్టంట్‌ రకం ముద్దయిపోతుంది, రక్తంలో గ్లూకోజునూ త్వరగా పెంచుతుంది. రుచులు కలిపిన ప్యాకెట్లు కొనేటప్పుడు వెనక చిన్న అక్షరాల్లో చక్కెర ఎంతుందో చదవండి.

కాచి చల్లార్చిన పాలు అరకప్పు, రెండు మూడు చెంచాల తియ్యటి ఇంటి పెరుగు, చెంచా సబ్జా గింజలో, అవిసె గింజల పొడో వేయండి. చిటికెడు ఉప్పు, కాస్త యాలకుల పొడి చల్లండి. ఈ రెండూ ఉంటే తక్కువ తీపి కూడా నాలుకకు బాగా తెలుస్తుంది. కలిపి, మూతపెట్టి ఆరేడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి.

పొద్దున పండు కలపండి. సగం అరటిపండు, లేదా జామ, బొప్పాయి, తురిమిన యాపిల్‌... ఏ కాలంలో దొరికేది ఆ కాలంలో. మామిడి రోజుల్లో రెండు ముక్కలు చాలు. వేయించిన వేరుశనగ పప్పులు ఓ గుప్పెడు లోపు వేస్తే ప్రొటీన్‌ పెరుగుతుంది, మధ్యాహ్నం దాకా ఆకలి ఆగుతుంది. అప్పటికీ తీపి కావాలనిపిస్తే ఒక చిన్న చెంచా తేనె పైపైన వేసుకోండి, కలపొద్దు. పైనున్న తీపి నాలుకకు నేరుగా తగులుతుంది కాబట్టి కొంచెంతోనే సరిపోతుంది. రెండు వారాల తర్వాత అరచెంచాకు దిగండి. నాలుక అలవాటు పడుతుంది.

ఈ డబ్బా రాత్రంతా బయట ఉండకూడదు. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపే ఉండాలి. ఒక రోజులోపు తినేయాలి. ఎండాకాలంలో కరెంటు నాలుగు గంటలకు మించి పోతే ఆ డబ్బా పారేయడమే మంచిది. ఫ్రిజ్‌ లేనివారు ఓట్స్‌, గింజల పొడి పొడిగానే కలిపి పెట్టుకుని, పొద్దున వేడి పాలు పోసి పది నిమిషాలు మూత పెడితే సరిపోతుంది.

వీరికి జాగ్రత్త

మధుమేహం ఉన్నవారు ఓట్స్‌ను ‘ఎంత తిన్నా ఏం కాదు’ అనుకోవద్దు. అదీ పిండి పదార్థమే. మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. తేనెతో తిన్నరోజు, తేనె లేకుండా తిన్నరోజు విడివిడిగా రాసి పెట్టుకోండి. మీ ఒంటికి ఏది పడుతుందో నాకన్నా ఆ రెండు అంకెలే బాగా చెబుతాయి.

థైరాయిడ్‌ మాత్ర వేసుకునేవారు దాన్ని పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట నుంచి గంట ఆగి తినాలి. పాలలోని కాల్షియం, ఓట్స్‌లోని పీచు మాత్రను ఒంటబట్టనివ్వవు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అరటిపండు, ఖర్జూరం, పాలు, గింజలు అందరికీ సరిపడవు. మీ వైద్యుడిని అడిగాకే మొదలుపెట్టండి. గోధుమలు పడని సీలియాక్‌ జబ్బు ఉన్నవారు మామూలు ఓట్స్‌ తినకూడదు, వాటిలో గోధుమ కలిసి ఉండొచ్చు. ఏడాది లోపు పసివాళ్లకు ఏ రూపంలోనూ తేనె పెట్టొద్దు. చిన్నపిల్లలకు గింజలు పొడి చేసే వేయాలి, గొంతుకు అడ్డం పడతాయి. పీచు అలవాటు లేనివారికి మొదట కడుపు ఉబ్బరంగా ఉండొచ్చు. సగం మోతాదుతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగండి.

ఇడ్లీ మానేయాలా?

అక్కర్లేదు. ఓట్స్‌ తినకపోతే వచ్చే లోటేమీ లేదు. పప్పు ఎక్కువ పడే పెసరట్టు, కూరగాయలు వేసిన ఉప్మా, సాంబారుతో ఇడ్లీ మంచి అల్పాహారాలే. పైగా మన టిఫిన్లు కారంగా, ఉప్పగా ఉండేవే. పొద్దున్నే తీపి తినే అలవాటు మనకు పెద్దగా లేదు. ఓట్స్‌ డబ్బా వెంట ఆ అలవాటు ఇంట్లోకి రాకూడదనేదే నా బాధ. ముఖ్యంగా పిల్లల విషయంలో. తీపి పడితేనే నోరు తెరిచే పిల్లాడికి రేపు మామూలు పెరుగన్నం రుచించదు. తీపి వద్దనుకుంటే ఇదే ఓట్స్‌ను పాలకు బదులు పెరుగులో నానబెట్టి, పొద్దున ఆవాలు, కరివేపాకు, అల్లంతో తాలింపు పెట్టండి. దద్దోజనంలా ఉంటుంది. నా ఓటు దానికే.

ఈ రాత్రి డబ్బా సిద్ధం చేసేటప్పుడు తేనె సీసాను అందనంత పై అరలో పెట్టండి. పొద్దున పండు కలిపి ఒక ముద్ద తిన్నాక, నిజంగా కావాలనిపిస్తేనే దించండి.