గుర్రం దిగితే కనబడని జబ్బు

టెక్సస్ ఫీడ్‌యార్డ్ లెక్కల్లో, గుర్రం మీద దొడ్లు తిరిగి పశువుల జబ్బు పసిగట్టే పెన్ రైడర్ జీతం కూలి పద్దు కింద ఉంటుంది. దాన్ని పశువైద్యం పద్దులోకి మార్చమని నేను అడుగుతూనే ఉంటాను. మేనేజర్లు మర్యాదగా నవ్వి, మాటను మొక్కజొన్న ధర మీదికి తిప్పేస్తారు. టెక్సస్ గొడవ తెలుగు పత్రికలో ఎందుకంటారా? పశువును కాసే మనిషిని మనమూ ఆ కూలి పద్దులోనే రాసుకున్నాం. "చదువు అబ్బకపోతే గేదెలు కాసుకో" అని పిల్లల్ని తిట్టని ఇల్లు మా ప్రకాశం జిల్లాలో నేనైతే చూడలేదు. నన్నూ తిట్టారు. చదువు అబ్బింది. గన్నవరంలో పశువైద్యం, తర్వాత కాన్సస్‌లో పై చదువు. అంతా అయ్యాక, పశువులు కాసేవాళ్ల దగ్గరే మళ్లీ నేర్చుకుంటున్నాను.

నేను పనిచేసేది టెక్సస్ ఉత్తరపు కొసన. పాన్‌హ్యాండిల్ అంటారు. అమరిల్లో నుంచి ఎటు వెళ్లినా చదును నేల, ఆగని గాలి, ఆ గాలిలో పేడ వాసన. పక్కనున్న హెర్‌ఫోర్డ్ ఊరు తనను ప్రపంచ బీఫ్ రాజధానిగా చెప్పుకుంటుంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా ఎక్స్‌ఐటీ రాంచ్, ముప్పై లక్షల ఎకరాలు. ఆస్టిన్‌లో శాసనసభ భవనం కట్టించుకుని, డబ్బుకు బదులు రాష్ట్రం ఇచ్చిన భూమి అది. ఇప్పుడు రాంచ్‌లు దూడల్ని పుట్టించి పెంచుతాయి, ఫీడ్‌యార్డ్‌లు వాటిని మేపి బరువెక్కిస్తాయి. ఆరేడు వందల పౌండ్ల కోడెలు, ఈనని పెయ్యలు లారీల్లో దిగుతాయి. ఆవిరి పట్టి రేకుల్లా అణిచిన మొక్కజొన్న తిని, ఐదారు నెలల్లో బరువు రెట్టింపై కబేళాకు వెళ్తాయి. దొడ్డికి వంద, నూటయాభై చొప్పున, పెద్ద యార్డ్‌లో యాభై వేల పశువులు కూడా ఉంటాయి. వాటిలో ఏది బాగుంది, ఏది బాగాలేదు అని రోజూ ప్రతి దొడ్డిలోకీ వెళ్లి చూసేవాడే పెన్ రైడర్. ఒక్కొక్కడి వంతుకు రోజుకు కొన్ని వేల తలలు వస్తాయి. చాలా యార్డ్‌లలో గుర్రం, జీను, తాడు కూడా అతనివే. గుర్రాన్ని మేపుకునేదీ, నాడాలు కొట్టించుకునేదీ అతనే.

ఇంత యాంత్రికమయ్యాక ఇంకా గుర్రాలెందుకని ఊరి నుంచి ఫోన్ చేసినవాళ్లంతా అడుగుతారు. సినిమా కోసం మాత్రం కాదు. మోటారు బండి దొడ్డిలోకి వస్తే మంద మొత్తం లేచి ఓ మూలకు పోతుంది. గుర్రం వస్తే పక్కకు జరిగి దారి ఇస్తుంది, అంతే. జీను మీద కూర్చుంటే వంద వీపుల మీదుగా అవతలి కంచె దాకా కనబడుతుంది. చలికాలం మంచు కరిగి మోకాటి లోతు బురదైతే చక్రం దిగబడుతుంది, గుర్రం నడుస్తుంది. అన్నింటికంటే ముఖ్యం వేరు చేయడం. నూటయాభైలోంచి ఒక్క జబ్బు కోడెను, మిగతావి బెదరకుండా, గేటు దాకా నడిపించాలి. పశువు భుజానికి ముందు వైపు మనిషి జరిగితే అది వెనక్కి తగ్గుతుంది, వెనుక వైపు జరిగితే ముందుకు కదులుతుంది. ఆ గీత మీద అంగుళాల్లో ఆడే పని ఇది. మంచి క్వార్టర్ హార్స్ జాతి గుర్రమైతే రైడర్ కళ్లెం కదపకముందే కోడె ఎటు తిరగబోతోందో పసిగట్టి అడ్డం నిలబడుతుంది.

ఇక జబ్బు సంగతి. కొత్తగా వచ్చిన పశువుల్ని ఎక్కువగా చంపేది ఊపిరితిత్తుల జబ్బు. మేం బీఆర్‌డీ అంటాం, పాతవాళ్లు షిప్పింగ్ ఫీవర్ అంటారు. తల్లి నుంచి విడిపోయి, సంతలో పది మందల పశువులతో కలిసి, లారీలో వందల మైళ్లు నిలబడి వచ్చిన దూడకు ఒంట్లో సత్తువ ఉండదు. అప్పటిదాకా ముక్కులో ఊరికే పడున్న సూక్ష్మజీవులు అదను చూసి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. చిక్కేమిటంటే పశువు జబ్బును దాచుకుంటుంది. పులికీ తోడేలుకీ ఆహారమైన జాతి అది. నీరసం బయటపెట్టుకున్నదాన్నే ముందు పట్టుకుపోతాయని దానికి తరతరాలుగా తెలుసు. కొత్త మనిషి లోపలికి రాగానే జబ్బు కోడె చెవులు నిక్కించి, తల ఎత్తి, ఆరోగ్యంగా ఉన్నట్టు నటిస్తుంది. డాక్టరు కోటు వేసుకుని గబగబా వచ్చే నాలాంటివాళ్లకు అది బ్రహ్మాండంగా నటిస్తుంది.

మా యార్డ్‌లో మెక్సికోలోని చిహువాహువా నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. నన్ను "దొక్తోరా" అని పిలుస్తారు, నేను ఆయన్ని గౌరవంగా "దోన్" చేర్చి పిలుస్తాను. పొద్దు పొడవకముందే ఆయన రౌండు మొదలవుతుంది. ఎండెక్కితే ఆరోగ్యంగా ఉన్నవి కూడా రొప్పుతాయి, అప్పుడు రోగాన్నీ వేడినీ విడదీయలేం. దొడ్డిలోకి వచ్చి ఆయన ముందు ఏమీ చేయరు. గుర్రాన్ని ఆపి నిలబడతారు. పడుకున్నవి ఒక్కొక్కటే లేస్తాయి. బాగున్న పశువు లేవగానే వీపు వంచి ఒళ్లు విరుచుకుంటుంది, పేడ వేస్తుంది, మేత గాడి వైపు నడుస్తుంది. ఆయన చూసేది ఒళ్లు విరుచుకోనిదాన్ని. డొక్క కాస్త లోపలికి పోయినదాన్ని. నీళ్ల తొట్టి దగ్గర మూతి పెట్టి తాగకుండా నిలబడినదాన్ని. ముట్టె ఆరిపోయి, దాన్ని నాకి శుభ్రం చేసుకోవడం మానేసినదాన్ని. గుంపులోనే ఉంటూ తలను మాత్రం గుంపుకు ఎడంగా పెట్టుకున్నదాన్ని. ఒక ఉదయం పక్కనే నడుస్తూ "ఏది?" అని అడిగితే ఎర్ర కోడెను చూపించారు. నాకు దాంట్లో ఏ తేడా కనబడలేదు. మెల్లగా నడిపించుకెళ్లి చూస్తే జ్వరం 105 డిగ్రీలు. మెల్లగా అనే మాట ఇక్కడ అలంకారానికి కాదు. పరిగెత్తించిన పశువుకు రోగం లేకపోయినా ఒళ్లు కాలుతుంది. అప్పుడు థర్మామీటరే అబద్ధం చెబుతుంది, అక్కర్లేని యాంటీబయాటిక్ పడుతుంది.

ఐదు నెలల్లో కబేళాకు పోయేదాని మీద ఇంత శ్రద్ధా అని మా అత్తగారు ఒకసారి అడిగారు. ఆ ఐదు నెలలూ అది ఊపిరి పీల్చుకోవాలి కదండీ అన్నాను. అంతకంటే మంచి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు.

పశువుల వెంట తిరిగేవాళ్ల చూపును శాస్త్రం తక్కువ చేసి చూడటానికి వీల్లేని చరిత్ర టెక్సస్‌కే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి నుంచి ఉత్తరానికి తోలిన లాంగ్‌హార్న్ మందలు తాము నిక్షేపంగా ఉండేవి, దారిలో తగిలిన స్థానిక పశువులు మాత్రం జ్వరమొచ్చి చచ్చిపోయేవి. పిడుదుల వల్లే ఈ జ్వరం వస్తోందని మందలు తోలేవాళ్లు అనుకునేవారు, చదువుకున్నవాళ్లు నవ్వేవారు. పరిశోధకులు థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ ఆ మాటను కొట్టిపారేయకుండా ప్రయోగాలు చేసి, నిజమేనని 1893లో ప్రచురించారు. ఒక పురుగు రోగాన్ని మోస్తుందని గట్టిగా రుజువు చేసిన తొలి పరిశోధనల్లో అదొకటి. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూడటానికి ఇంకా నాలుగేళ్ల వ్యవధి ఉంది. 1906లో మొదలైన పిడుదుల నిర్మూలన కార్యక్రమం 1943 నాటికి దాదాపు దేశమంతా పూర్తయింది. మిగిలిన రియో గ్రాండే నది వెంబడి సన్నటి పట్టీలో ఇప్పటికీ ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు గుర్రాల మీద తిరుగుతూ, మెక్సికో నుంచి నది దాటొచ్చిన పశువుల్ని పట్టి ఒళ్లు తడిమి చూస్తారు. టిక్ రైడర్లంటారు. అంటే గుర్రం మీది కన్ను రోగ నివారణలో భాగమని వాషింగ్టన్ ఒప్పుకుని నూరేళ్లు దాటింది. ఒప్పుకోనిది ఫీడ్‌యార్డ్ లెక్కల గుమాస్తా. (పిడుదుల్నీ ఎండనీ తట్టుకునే బ్రాహ్మన్ జాతిని అమెరికన్లు తయారుచేసుకున్నది మన దేశపు పశువులతోనే, అందులో మా ఒంగోలు రక్తమూ ఉంది. మూపురం కనబడితే మా జిల్లా అని ఇక్కడ అందరికీ చెబుతాను, ఎవరూ పట్టించుకోరు.)

ఇప్పుడు ఇంతకంటే పెద్ద గండం దక్షిణం నుంచి వస్తోంది. స్క్రూవార్మ్ ఈగ పుండు అంచున గుడ్లు పెడుతుంది. పురుగులు బతికున్న మాంసాన్నే తింటాయి. పెద్ద గాయమే కానక్కర్లేదు, పిడుదు కుట్టిన చోటో, అప్పుడే పుట్టిన దూడ బొడ్డో చాలు. ఆ జాతి ఆడ ఈగ జన్మలో ఒక్కసారే జతకడుతుంది. అందుకని వంధ్యం చేసిన మగ ఈగల్ని కోట్ల సంఖ్యలో వదిలి అమెరికా దాన్ని వదిలించుకుంది, 2006 నాటికి పనామా దాకా తరిమింది. మళ్లీ పైకి ఎగబాకి 2024 నవంబరులో దక్షిణ మెక్సికోలో కనబడింది. 2025 సెప్టెంబరులో సరిహద్దుకు డెబ్బై మైళ్ల దూరానికి వచ్చింది. మెక్సికో నుంచి ఏటా పది లక్షల పైచిలుకు వచ్చే దూడల్ని ఆపేశారు. టెక్సస్‌లో వారానికి ముప్పై కోట్ల వంధ్య ఈగల్ని తయారుచేసే కర్మాగారానికి 75 కోట్ల డాలర్లు ప్రకటించారు. ఆ డబ్బు పెట్టాల్సిందే. కానీ ఈగ వాలిన తొలి పుండును చూసేది ఎవరు? ఈగ పోయాక పుట్టిన కౌబాయ్‌లకు ఆ పుండు ఎలా ఉంటుందో, ఎలా కంపు కొడుతుందో తెలియదు. వాళ్ల తాతలకు తెలుసు. దూడలు పుట్టే కాలమంతా రోజూ గుర్రం ఎక్కి, తాడు విసిరి దూడను పట్టి, బొడ్డుకు మందు రాసేవారు. మా ఊళ్లో గాయానికి పురుగు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టే కాపరులకూ తెలుసు. ఆ జ్ఞానం పుస్తకంలో అచ్చవుతుంది, కంట్లోకి దిగడానికి ఏళ్లు పడుతుంది.

యంత్రాలు అమ్మేవాళ్లు మా ఆఫీసుకు తరచూ వస్తారు. చెవికి తగిలించే ట్యాగ్ కదలికనూ నెమరునూ కొలిచి, తేడా వస్తే దీపం వెలిగిస్తుంది. వాళ్ల సంచిలో ఒక అంకె ఉంటుంది. 2009లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, ఊపిరితిత్తుల జబ్బున్న పశువుల్లో బయటి లక్షణాలు చూసి పట్టుకోగలుగుతున్నది దాదాపు 62 శాతాన్నే. అంకె నిజమే, నేను కాదనను. ట్యాగులు వద్దనీ అనను. కానీ ఆ అంకె చూపించి రైడర్‌ను తీసేద్దామనడం తిరకాసు వాదన. కంటికి ఒక ఉదయంలో మూడు వేల తలలు అప్పగించి, తప్పిపోయాయేమని కంటినే నిలదీస్తున్నాం. పైగా దీపం వెలిగిన కోడెను నూటయాభైలోంచి బెదరకుండా బయటికి తెచ్చేది ట్యాగ్ కాదు.

రైడర్ కన్ను పదునెక్కాలంటే అతనికి ఫలితం తెలియాలి. చాలా యార్డ్‌లలో తెలియదు. అతను పంపిన కోడెకు ఏ మందు పడిందో, బతికిందో లేదో, చచ్చినదాన్ని కోస్తే ఊపిరితిత్తి ఎలా ఉందో రైడర్‌కు ఎవరూ చెప్పరు. నేను పోస్ట్‌మార్టం చేసేటప్పుడు రైడర్లను పిలుస్తాను. గట్టిపడి కాలేయం రంగుకు తిరిగిన ఊపిరితిత్తిని చేత్తో పట్టుకుని చూసినవాడు మర్నాడు దొడ్డిలో వేరే కళ్లతో చూస్తాడు. ఆ గంటకు జీతం ఇవ్వనంటే గొడవపడి ఇప్పించాల్సి వచ్చింది.

కొత్త రైడర్లను మెక్సికో నుంచి తెద్దామంటే వీసా ఇంకో తంటా. వ్యవసాయ కూలీలకు ఇచ్చే హెచ్-2ఏ వీసా సీజన్ పనికే. ఫీడ్‌యార్డ్‌కు సీజన్ ఉండదు, జనవరి మంచులోనూ కోడెకు దగ్గు వస్తుంది. ఐటీ వాళ్ల వీసా గురించి మన పత్రికలు రాసినన్ని పేజీల్లో పావు వంతైనా ఈ వీసా గురించి ఇక్కడి పత్రికలు రాయవు. పాతవాళ్లకు మోకాళ్లు అరిగిపోతున్నాయి. గడ్డకట్టిన నేల మీద గుర్రం జారితే దాని కింద పడేది మనిషి కాలే. వాళ్ల పిల్లలు ఈ పనిలోకి రావడం లేదు, రమ్మని నేనూ చెప్పలేను, జీతం అలా ఉంది.

2025 జనవరి 1 నాటికి ఈ దేశంలో పశువులు 8.67 కోట్లు, 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేవు. మేపి అమ్మే కోడె ధర మూడు వేల డాలర్లు దాటింది. నా లెక్కలో నెలకు రెండు కోడెలు అదనంగా బతికితే ఒక రైడర్ జీతం వచ్చేస్తుంది. వచ్చే బడ్జెట్లో ఇద్దరు రైడర్లను, వాళ్ల గుర్రాల మేత ఖర్చును, పోస్ట్‌మార్టం గంటలకు జీతాన్ని పశువైద్యం పద్దులోనే అడగబోతున్నాను. ట్యాగులు కొంటామంటే కొననివ్వండి, వాటిని ముందు ఏ దొడ్డికి వేయాలో మాత్రం ఆ పెద్దాయన్ని అడిగి వేయమంటాను.