ఆ హాజరు పుస్తకం మన చేతికి రావాలి



బాపట్లలో చీరాల వైపు ప్యాసింజర్ ఎక్కితే దారిలో స్టువర్టుపురం స్టేషన్ వస్తుంది. బోర్డు కనపడగానే బోగీలో ఎవరో ఒకరు "బ్యాగులు జాగ్రత్త" అని నవ్వుతారు. నేను చాలాసార్లు విన్నాను. ఆ నవ్వు ఎక్కడ పుట్టిందో ఎప్పుడైనా అడిగారా?

మన ఎరుకల తాతలు ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా అమ్ముకున్నోళ్లు. దొరల ఉప్పు చట్టాలు, రైళ్లు ఆ బతుకుదెరువును దెబ్బతీశాయి. తర్వాత వాళ్లనే నేరస్థులన్నారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. 1913లో ఇక్కడ సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఊరి పేరు కూడా మనది కాదు, స్టువర్ట్ అనే దొరది. వేలిముద్రలు, రోజూ హాజరు, ఊరు దాటాలంటే పాసు. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు కావాలన్నా ఇక్కడి నుంచే.

1947లో మద్రాసు ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసి, మరుసటి ఏడాదే 'అలవాటు నేరస్థుల' చట్టం తెచ్చింది. దేశమంతా రద్దయింది 1952 ఆగస్టు 31న. అదే మన విముక్త దినం. కానీ రద్దు వేరు, న్యాయం వేరు. విముక్త జాతుల వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయొద్దని 2024లో కూడా సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పాల్సి వచ్చింది!

ఇంద్రవెల్లి చూడండి. 1981 ఏప్రిల్ 20న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది, జనం లెక్క అంతకు ఎన్నో రెట్లు. అక్కడి స్థూపాన్ని ఒకసారి కూల్చారు, మళ్లీ లేచింది. ఏళ్ల తరబడి ఆంక్షలు పెట్టినా జనం వెళ్లారు. స్థూపం ఉంది కాబట్టే ఆ లెక్క ఇంకా తేలలేదని అందరికీ గుర్తుంది.

మనకు అలాంటి ఒక్క తేదీ లేదు. మన మీద హింస తుపాకీతో ఒక్కరోజు కాదు, రిజిస్టర్‌తో రోజూ జరిగింది. మరి దాన్ని ఎలా గుర్తుపెట్టుకోవాలి?

"ఆ మాట ఎత్తొద్దురా, పిల్లలకు ఉద్యోగాలు రావు" అంటాడు మా మేనమామ. ఆయన భయం నిజమే. కానీ మామా, మనం నోరు మూసుకుంటే సినిమావాళ్లు చెబుతారు, దొంగల కథగా. చెబుతూనే ఉన్నారు.

కెనడాలో ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి లాక్కెళ్లిన బడుల మీద 2008లో ప్రధాని క్షమాపణ చెప్పాడు. కమిషన్ 6,000 మందికి పైగా మాటలు విని 2015లో నివేదిక ఇచ్చింది. దాంతో అంతా బాగైపోలేదు. కానీ "జరగలేదు" అనడం కష్టమైంది.

మనం అడగాల్సింది కూడా అదే. సెటిల్‌మెంట్ రికార్డులు మన కుటుంబాలకు చూపించాలి. పాఠ్యపుస్తకంలో ఈ చట్టం ఉండాలి. ఆగస్టు 31న ప్రభుత్వమే నిలబడి తప్పు ఒప్పుకోవాలి.

ఈలోపు మీ పని ఒకటుంది. హాజరుకు నిలబడ్డ తరం దాదాపు వెళ్లిపోయింది. మిగిలిన అవ్వాతాతల దగ్గర ఈ ఆదివారమే కూర్చోండి, ఫోన్‌లో వాళ్ల మాట రికార్డు చేయండి. మన మొదటి స్థూపం అదే.

జోహార్!