ముప్పై వేల గేమింగ్ కంప్యూటరు : విలాసమా? అవసరమా?

కళాశాల సావనీరు అనగానే కరువు మీద ఒక కవిత, కట్నం మీద ఒక కథ, జాతీయ సమైక్యత మీద ఒక వ్యాసం వుండడం ఆనవాయితీ. వాటి నడుమ ఈ కంప్యూటరు ఆటల గోల ఏమిటని కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. "చదువుకొమ్మని పంపితే ఆటల పెట్టె కొనే ఉపాయాలు రాస్తున్నాడు" అని మా అధ్యాపకులు కొందరు విసుక్కోవచ్చు. వారికి నా మనవి ఒక్కటే. ఇది కూడా కరువును గూర్చిన వ్యాసమే. నీటి కరువు గూర్చి మనం చాలా మాట్లాడుకున్నాం. పనిముట్ల కరువు గూర్చి మాత్రం ఎవ్వరూ నోరు విప్పరు.

అసలు చిక్కంతా "గేమింగ్" అన్న మాటతో వచ్చింది. మన రాష్ట్రంలో ఆ మాటకు చట్టం ఇచ్చిన అర్థం జూదం! 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం పేకాట స్థావరాల కోసం చేసినదే గాని పిల్లల ఆటల కోసం చేసినది కాదు. 2020లో దానిని సవరించి ఆన్‌లైన్ రమ్మీ వంటి పందెపు ఆటలను కూడా అందులోకి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా నిషేధించింది. అదే చట్టం ఇ-స్పోర్ట్స్‌ను మాత్రం పోటీ క్రీడగా గుర్తించింది. చట్టమే రెంటినీ వేరు చేసి చూపించిన తర్వాత మనమెందుకు ఒకే గాట కట్టాలి? ఫోనులో పందెం కాసి కొంపలు కూల్చుకొనేవారిని నేను సమర్థించను. నేను చెప్పేది పందెం లేని ఆట, ఆ ఆటను నడిపించగల యంత్రం గూర్చి.

ఆ యంత్రం విలాస వస్తువేనా? చరిత్ర కాస్త తిరగేసి చూద్దాం. 1982లో ఇంగ్లండులో సింక్లెయిర్ కంపెనీ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటరును 125 పౌండ్లకు విడుదల చేసింది. చదువుకు పనికొస్తుందని తల్లిదండ్రులు కొనిపెడితే, పిల్లలు దాని మీద ఆటలాడారు. ఆడి ఆడి, తామే ఆటలు రాయడం నేర్చారు. ఆ దేశపు ఆటల పరిశ్రమకు పునాది పడింది అట్లాంటి ఇళ్లలోనే. 1984లో కేంబ్రిడ్జిలో చదువుతున్న డేవిడ్ బ్రాబెన్, ఇయన్ బెల్ అనే ఇద్దరు విద్యార్థులు బి.బి.సి. మైక్రో అనే కంప్యూటరు కోసం "ఎలైట్" అనే ఆటను తయారుచేశారు. అదే ఏడాది మన దేశంలో "క్లాస్" పథకం కింద బడులకు వచ్చినవీ ఆ బి.బి.సి. మైక్రోలే! యంత్రం ఒక్కటే. అక్కడి కుర్రవాళ్ల చేతికి అది చిక్కింది. ఆ బ్రాబెనే తర్వాతి కాలంలో రాస్ప్‌బెర్రీ పై సంస్థ వ్యవస్థాపకులలో ఒకరయ్యారు. ఆ సంస్థ 2012లో 35 డాలర్లకే కంప్యూటరును పేద విద్యార్థులకు అందుబాటులోకి తెచ్చింది.

ఇంకొక్క ఉదాహరణ చెప్పి ముందుకు సాగుతాను. ఈనాడు ప్రపంచమంతా కలవరిస్తున్న కృత్రిమ మేధకు పెద్ద మలుపు 2012లో వచ్చింది. టొరంటో విశ్వవిద్యాలయంలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి, బొమ్మలను గుర్తుపట్టే "అలెక్స్‌నెట్"కు శిక్షణ ఇచ్చింది ఏ మహా యంత్రం మీదా కాదు. ఆటలాడేవాళ్లు కొనుక్కొనే జి.టి.ఎక్స్. 580 గ్రాఫిక్స్ కార్డులు రెండు! ఒక్కొక్కదానికి 3 జి.బి. మెమరీ. ఐదారు రోజులు ఆ రెండు కార్డులూ దుక్కిటెద్దుల వలె పనిచేశాయి. ఆ పరిశోధనలో పాలుపంచుకొన్న ఆయన గురువు జెఫ్రీ హింటన్‌కు 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆట కార్డు, చదువు కార్డు వేరు కావని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం కావాలా? ఆటను నడిపించే కార్డే బొమ్మల సినిమాకూ పనికొస్తుంది. 2025లో ఆస్కారు గెలిచిన "ఫ్లో" అనే యానిమేషన్ చిత్రాన్ని బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో తీశారు. ఆ సాఫ్ట్‌వేరు మన పల్లె పిల్లవానికీ ఉచితమే. లేనిది దానిని నడిపించే యంత్రమే.

ఇక మన సంగతికి వద్దాం. మాది పత్తికొండ పక్క పల్లె. చదువు కడపలో. కంప్యూటరు కావాలని అడిగితే మా నాయన అన్న మాట ఇది: "ఏందిరా, ఆటకు ముప్పై వేలా? బోరుకు తెచ్చిన దుడ్లకు వడ్డీ కట్టేకే సాల్లేదు గదరా!" ఆయన మాటలో తప్పేముంది? వాన పడితే బుడ్డలు, పడకపోతే అప్పులు. అట్లాంటి ఇంట్లో ముప్పై వేలంటే ఒక కారు పెట్టుబడి. అందుకే, ఖరీదు తగ్గించుకోవడం ఎట్లా అన్నది మనకు సరదా లెక్క కాదు, పరువు లెక్క.

పట్నంలో ఒక అంగట్లో ఏం జరిగిందో వినండి. 75 వేల గేమింగ్ లాప్‌టాపు చూపించి, "తమ్ముడూ, సున్నా వడ్డీ, నెలకు 4,200, పద్దెనిమిది నెలలే" అన్నాడు అంగడాయన. గుణిస్తే 75,600. దానిమీద ఫైలు ఖర్చు వేరు, బీమా వేరు. రొక్కమిస్తే ఎంత తగ్గిస్తారని అడిగాను. నాలుగు వేలు తగ్గిస్తాడట! అంటే ఆ నాలుగు వేలే వడ్డీ గదా, పేరు మాత్రమే సున్నా. పైగా లాప్‌టాపులో ప్రాసెసరూ గ్రాఫిక్సూ బోర్డుకే అతికి వుంటాయి. మూడేళ్లకు పాతబడితే మొత్తం మార్చవలసిందే. కిస్తులు ముగిసే నాటికి సగం వయసు అయిపోయే వస్తువు రైతు బిడ్డకు తగదని నా అభిప్రాయం.

కావున నా సలహా ఒక్కటే: డెస్క్‌టాపును విడి భాగాలుగా కొని బిగించుకోవాలి, అదీ విడతల వారీగా. 2024లో నేను కొన్న లెక్క దాచకుండా చెబుతాను. రైజెన్ 5 5600జి ప్రాసెసరు 11,200. మదర్‌బోర్డు 5,400. 8 జి.బి. మెమరీ పలకలు రెండు 3,100. ఎస్.ఎస్.డి. 2,700. ఎస్.ఎం.పి.ఎస్. 2,500. క్యాబినెట్ 1,900. పాత మానిటరు 2,700. కీబోర్డు, మౌసు 500. వెరసి సరిగ్గా 30,000. అందులో పద్దెనిమిది వేలు మూడు సెలవుల్లో జిరాక్సు అంగట్లో పనిచేసి కూడబెట్టినవి. పన్నెండు వేలు బుడ్డలమ్మినాక నాయన ఇచ్చినవి. ఇచ్చేటప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఒకటే: "కిస్తులేమీ లేవు గదా?" లేవన్నాను. అంతే.

గ్రాఫిక్స్ కార్డు లేకుండా గేమింగ్ ఏమిటని నవ్వకండి. ఆ ప్రాసెసరులోనే చిన్న గ్రాఫిక్స్ భాగం వుంది. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ వంటివి చక్కగా ఆడతాయి. కౌంటర్ స్ట్రైక్ 2 వంటివి హంగులు తగ్గించుకొంటే ఆడతాయి. గుడ్డి కన్నా మెల్ల మేలు గదా! చేతిలో డబ్బు ఆడినప్పుడు కార్డు కలుపుకోవచ్చు. అయితే ఒక్క మెళకువ వుంది. ఈ గ్రాఫిక్స్ భాగానికి సొంత మెమరీ లేదు, అసలు మెమరీలోనే వాటా తీసుకొంటుంది. కాబట్టి 16 జి.బి. పలక ఒకటి కొనకుండా, 8 జి.బి. పలకలు రెండు కొనాలి. ఒంటెద్దు బండికీ జోడెద్దుల బండికీ వున్న తేడా ఆటలో కండ్లకు కనబడుతుంది.

పిసినారితనం చూపకూడని చోటు ఎస్.ఎం.పి.ఎస్. పేరు లేని డబ్బా మీద 500 వాట్లని రాసి వుంటుంది. అది పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా వెంటబెట్టుకు పోతుంది. వాట్ల అంకె కన్నా కంపెనీ పేరు, గ్యారంటీ ఏళ్లు చూడాలి. మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసిందే. ఎర్తింగు లేని ప్లగ్గులో పెట్టవద్దు. చిన్న యు.పి.ఎస్. తర్వాతనైనా కొనుక్కోవాలి. ఇక మన ఎండలు! నలభై డిగ్రీలు దాటే వేసవిలో అద్దాల క్యాబినెట్ కన్నా ముందు వైపు జాలీ వున్నది మేలు. కడప బండల నేల చల్లగా వుందని క్యాబినెట్‌ను కింద పెడతారు కొందరు. చల్లదనం కన్నా దుమ్ము ఎక్కువ తాగుతుంది. జానెడు ఎత్తున పెట్టి, నెలకొకసారి కరెంటు తీసేసి కుంచెతో తుడవాలి. దీనికి ఖర్చు లేదు, ఓపిక వుంటే చాలు.

అయితే నేను కొన్న ధరలు ఇప్పటి ధరలు కావు సుమా! 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ పెరిగి మెమరీ ధరలకు రెక్కలు వచ్చాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచే తప్పుకొంటున్నట్లు ప్రకటించింది. విచిత్రం చూడండి. ఆట కార్డుల మీద పుట్టి పెరిగిన విద్య ఇప్పుడు ఆటగాని నోటి దగ్గరి కూడు లాగుతున్నది.

దీనికి విరుగుడు కూడా అదే ఏడాదిలో వుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే ఎనిమిదవ తరం ప్రాసెసరు మొదలుకొని పైవే అర్హం. అందుచేత ఆరు, ఏడు తరాల ఆఫీసు కంప్యూటర్లను, అంటే డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్.పి. ఎలైట్‌డెస్క్ వంటివాటిని, సంస్థలు వదిలించుకొంటున్నాయి. వాటిలో మెమరీ ముందే వుంటుంది. 75 వాట్లకు మించని జి.టి.ఎక్స్. 1650 వంటి కార్డు, వేరే కరెంటు తీగ అక్కరలేనిది, పెడితే పేదవాని గేమింగ్ కంప్యూటరు తయారు. కొనేముందు మూడు చూడండి. క్యాబినెట్ సన్నదైతే పొట్టి కార్డే పడుతుంది. ఆ కంపెనీల ఎస్.ఎం.పి.ఎస్. తీగలు చాలా వాటిలో వేరు రకం, బజారు సరుకు అతకదు. ఇక ఏ ఆట కావాలో ముందే కాగితం మీద రాసుకోవాలి. లినక్సు వేసుకొంటే స్టీమ్ వారి ప్రోటాన్ పుణ్యమా అని ఎన్నో విండోస్ ఆటలు నడుస్తాయి గాని, వాలరెంట్ నడవదు.

పాత కార్డు కొనేవారికి ఒక హెచ్చరిక. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం పద్ధతి మారడంతో, రేయింబవళ్లు క్రిప్టో నాణేల కోసం అరగదీసిన కార్డులు గుట్టలుగా బజారున పడ్డాయి. అన్నీ చెడ్డవని కాదు. అరగంటసేపు బరువైన ఆట నడిపించి చూపనిదే డబ్బు ఇవ్వవద్దు. తొలకరికి జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెదికేవారిని చూశాం గదా, మెరిసిందల్లా మూటగట్టుకొంటారా?

ఎక్కడ కొనాలి? కర్నూలు వాళ్లు తుంగభద్ర ఎక్స్‌ప్రెస్సెక్కి సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోతారు. కడప వాళ్లు మద్రాసు రిచీ స్ట్రీటుకో, బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకో పోతారు. దూరపు కొండలు నునుపు. తగ్గే ధరలోంచి రానూపోనూ చార్జీలు, ఒక పూట భోజనం తీసివేసి లెక్క చూడండి. వస్తువు చెడిపోతే మళ్లీ అంత దూరం మోయాలి. తేడా కొద్దిగా వుంటే మన వూరి అంగట్లోనే, సీరియల్ నంబర్లు రాసిన జి.ఎస్.టి. బిల్లుతో కొనడం మేలు.

ఇంతా చెప్పి, ఆట వ్యసనం కాదా అని అడిగేవారిని తప్పించుకోను. అవుతుంది. సినిమా కాలేదా? క్రికెట్టు కాలేదా? కానీ ఫోనులో ఆడేవాడు ఆడడమే నేరుస్తాడు. యంత్రం విప్పి బిగించినవాడు, అది ఎందుకు నడుస్తున్నదో కూడా నేరుస్తాడు. నా వాదమంతా ఆ రెండవ వాని కోసమే.

ముప్పై వేలు కూడా లేనివారి మాటేమిటి? అసలు ప్రశ్న ఇదే. మన తరగతిలో ఫోను తెర మీద ప్రోగ్రాములు రాస్తున్న అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఎందరో మీకు తెలుసు. 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ తెరిచినప్పుడు పల్లె పిల్లల చేతికి లాప్‌టాపులు ఇచ్చి చదువు చెప్పారు. ఇది మన జిల్లాలోనే జరిగిన పని, గొంతెమ్మ కోరిక కాదు. కావున విద్యార్థి సంఘం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, సాయంత్రం తాళం పడే ప్రయోగశాలను రాత్రి ఎనిమిది దాకా తెరిపించాలి. రెండు, వార్షికోత్సవపు షామియానాలో, ఆర్కెస్ట్రాలో పొదుపు చేసి, పూర్వ విద్యార్థుల చందా కలిపి, నాలుగు కంప్యూటర్లు విద్యార్థులే బిగించాలి. మూడు, శాఖల మూలల్లో మూలుగుతున్న పాతవాటికి ఎస్.ఎస్.డి.లు వేసి లేపాలి. ఆడపిల్లలకు సమాన గంటలు ఇవ్వాలి. పందెం మాట వినబడితే బయటికి పంపాలి.

మిత్రులారా, అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కొనగలవారు అప్పు లేకుండా కొనండి. కొనలేనివారు సిగ్గుపడక సంఘాన్ని అడగండి. పెద్దలు మాత్రం "ఆట" అన్న మాట వినగానే తలుపు వేయకండి. పనిముట్టు చేతికిచ్చి చూడండి, సీమ బిడ్డ దానితో ఏం చేస్తాడో, ఏం చేస్తుందో తర్వాత మాట్లాడుకొందాం.