పిల్లికి బీమా, ఆవుకు ధీమా

మనిషికి బీమా ఉంది. మోటారు సైకిలుకు బీమా ఉంది. చేలోని చెనిక్కాయకూ బీమా ఉంది. ఇప్పుడు పట్నాల్లో పెంపుడు కుక్కలకు, పిల్లులకు కూడా కంపెనీలు పాలసీలు అమ్ముతున్నాయి. ఈ మాట చెబితే మన పల్లెల్లో పెద్దలు నవ్వుతారు. కాని ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. ఒక జీవం మీద ఏటా డబ్బు కట్టడం లాభమా, దండగా అన్న ప్రశ్న పట్నంలో పిల్లిని సాకే ఇంటికి ఎంత ఉందో, ఒక్క పాడి ఆవు మీద సంసారం ఈదే అనంతపురం మెట్ట రైతుకు అంతకు పదింతలు ఉంది. సైన్సు విద్యార్థిగా లెక్క వేసి, రైతు బిడ్డగా అనుభవంతో సరిచూసి, నాకు తోచిన నాలుగు మాటలు పాఠకుల ముందు ఉంచుతున్నాను.

అసలు పెంపుడు జంతువుల బీమా పుట్టిందే పశువుల బీమా నుంచి. స్వీడన్ దేశంలో 1890లో గుర్రాలకు, పశువులకు బీమా మొదలుపెట్టిన అగ్రియా సంస్థే 1924లో తొలిసారి ఒక కుక్కకు బీమా చేసింది. మన దేశంలోనూ 1980లలో ఐ.ఆర్.డి.పి. అప్పుతో కొన్న ఎనుములకు బీమా చేయించేవాళ్లు. 2005-06లో కేంద్ర ప్రభుత్వం 100 జిల్లాల్లో పశువుల బీమా పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. 2014-15లో అది జాతీయ పశుసంపద మిషన్‌లో కలిసింది. కాబట్టి పిల్లి పాలసీని, ఆవు పాలసీని ఒకే తక్కెడలో తూచడం తప్పు కాదు.

బీమా అంటే ఏమిటి? పెద్ద నష్టం ఒక్కరి నెత్తిన పడకుండా, పదిమందీ చిన్న చిన్న మొత్తాలు కట్టి పంచుకోవడం. పంచుకునే డబ్బులోంచే కంపెనీ ఖర్చులూ, లాభమూ తీస్తారు గదా! అందుచేత సగటున చూస్తే మనం కట్టినదానికన్నా మనకు తిరిగొచ్చేది తక్కువే. మరి ఎందుకు కట్టాలి? ఏ నష్టం వస్తే ఇల్లు కూలుతుందో ఆ నష్టానికి కట్టాలి. చేతిలో ఉన్న డబ్బుతో ఓర్చుకోగల నష్టానికి కట్టనక్కరలేదు. నా వాదన మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నిలబడింది.

ముందు పిల్లి సంగతి. మన ఇండ్లలో పిల్లిని ముద్దుకోసం మాత్రమే పెంచరు. విత్తనానికి దాచిన చెనిక్కాయ మూటలను ఎలుకల నుంచి కాపాడేది అదే. దాని మీద ప్రేమ లేదని నేననను. అయితే పిల్లుల పాలసీలు సాధారణంగా ఆసుపత్రి ఖర్చుకు, ఆపరేషనుకు వర్తిస్తాయి. ఏటా వేయించే టీకాలకు, పాలసీకి ముందునుంచీ ఉన్న జబ్బుకు చాలావరకు వర్తించవు. వేలల్లో బిల్లు వేసే ప్రైవేటు వైద్యమే శరణ్యమైన నగరంలో, ఎంత ఖర్చయినా వైద్యం చేయించి తీరుతామనుకునే కుటుంబానికి ఆ పాలసీ పనికి రావచ్చు. ప్రభుత్వ పశువైద్యశాల అందుబాటులో ఉన్న మనబోటివాళ్లు మాత్రం ఆ ప్రీమియం సొమ్ములో కొంత పెట్టి రేబిస్ టీకా వేయించి, మిగిలింది విడిగా దాచుకోవడం మేలు. జబ్బు వస్తే ఆ డబ్బు ఉంటుంది. రాకపోతే మనదగ్గరే ఉంటుంది.

ఇక పాడి ఆవు. లెక్క కోసం ఆవు ధర 60,000 రూపాయలు, ఏడాది ప్రీమియం నూటికి 3 రూపాయలు అనుకుందాం. మొత్తం 1,800. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం ప్రకారం ఇందులో రైతు వాటా 15 శాతమే. అంటే 270 రూపాయలు. మిగిలిన 1,530లో కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు భరించాలి. 60,000ను 270తో భాగిస్తే 222 వస్తుంది. ఇలాంటి ఆవులు 222 ఉంటే, ఏడాదికి వాటిలో ఒక్కటి చచ్చినా రైతులు కట్టినదంతా తిరిగొచ్చినట్టే. గొంతువాపు, జబ్బవాపు, పాముకాటు, పిడుగు ఉన్న లోకంలో ఇంతకంటే చౌక బేరం ఏముంది? సబ్సిడీ అందక మొత్తం 1,800 కట్టవలసి వచ్చినా, అప్పు చేసి కొన్న ఒక్కగానొక్క ఆవుకు కట్టమనే నేనంటాను. ఆవు పోయినా అప్పు పోదు గనక.

గొర్రెల సంగతి వేరు. వంద గొర్రెల మందలో ఏడాదికి రెండు మూడు పోవడం ఏ కాపరికీ కొత్త కాదు. వాటికోసం కాగితాల చుట్టూ తిరగడం దండగ. కాని వానల తరువాత నీలి నాలుక వ్యాధో, చిటుకు రోగమో సోకి మందకు మందే పడిపోతే ఆ కుటుంబం మళ్లీ లేవదు. ఆ భయానికి బీమా కావాలి. పథకంలో పది గొర్రెలను ఒక పశు యూనిట్‌గా లెక్కిస్తారు. గొర్రెలకు, మేకలకు పరిమితిని 2024లో 5 యూనిట్ల నుంచి 10 యూనిట్లకు పెంచారు. అంటే వంద గొర్రెల దాకా చేయించుకోవచ్చు. అయితే టీకా ముందు, బీమా తరువాత. టీకా వేయించని జబ్బుతో చస్తే పరిహారానికి పేచీ వస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది. బీమా ఖరీదు ప్రీమియం ఒక్కటే కాదు. ఆవు చెవికి 12 అంకెల పోగు ఉండాలి. అది ఊడిపోతే కొత్తది వేయించి కంపెనీకి తెలపాలి. చెవిపోగు లేకపోతే క్లెయిము లేదు. పశువు చచ్చిన వెంటనే కబురు చేయాలి, ఫొటో తీయాలి, డాక్టరు వచ్చి శవపరీక్ష చేసేదాకా కళేబరాన్ని పూడ్చకూడదు. "చచ్చిన బర్రె కడివెడు పాలిచ్చింది" అని సామెత. ఆ కడివెడు పాలను కంపెనీ ఒప్పుకోదు. బతికున్నప్పుడే డాక్టరు, కంపెనీ మనిషి, రైతు కలిసి ధర నిర్ణయించి కాగితం మీద రాయించుకోవాలి. చదువురాని రైతుకు ఈ తతంగమంతా ప్రీమియం కంటే బరువు.

ఇంతకంటే పెద్ద లోటు మరొకటి ఉంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నికరం లేని మన సీమలో కరువొస్తే పశువులు చాలావరకు చావవు, సంతకు పోతాయి. 2018లో వాన ముఖం చాటేసినప్పుడు మా ఊళ్లో జరిగింది అదే. చేలో చెనిక్కాయ కట్టె లేదు, వామిలో గడ్డి లేదు. మా నాయన కాడెద్దులను కొన్న ధరలో సగానికి తోలేసినాడు. మరుసటేడు దుక్కికి ట్రాక్టరు బాడుగ కట్టవలసి వచ్చింది. ఈ నష్టానికి ఏ పాలసీ ఒక్క పైసా ఇవ్వదు. చస్తేనే డబ్బు, బతికుండగా తెగనమ్ముకుంటే లేదు! ఎద్దును బతికించుకోవాలని చూసిన రైతుకే ఇందులో నష్టం.

దీనికి మార్గం లేదా? ఉంది. తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశంలో, మనలాగే వానలు తక్కువైన మార్సబిట్ ప్రాంతంలో, 2010 జనవరిలో ఒక కొత్త రకం బీమా మొదలైంది. ఆకుపచ్చని మొక్క ఎర్ర కాంతిని పీల్చుకుని పరారుణ కాంతిని వెనక్కు కొడుతుంది. ఉపగ్రహం ఆ తేడాను కొలిచి ఎక్కడ మేత ఎండిందో చెబుతుంది. మేత ఒక హద్దుకు దిగువకు పడిపోతే పరిహారం ఇస్తారు. శవపరీక్ష లేదు, చెవిపోగు లేదు. ఆ తరువాత పశువు చావకముందే, మేత కొనుక్కునే వేళకే డబ్బు చేతికందేలా ఆ పద్ధతిని మార్చారు. దానిలోనూ లోపముంది: ఉపగ్రహం ఊరంతా పచ్చగా ఉందని చెప్పినా, ఒక రైతు దొడ్డి ఎండిపోయి ఉండవచ్చు. అయినా ఆలోచన మనకు పరాయిది కాదు. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో చెనిక్కాయ, ఆముదం రైతులకు వానను కొలిచి పరిహారమిచ్చే బీమాను మన దేశంలోనే తొలిసారిగా పెట్టి చూశారు. పంటకు వానను కొలిచినవాళ్లం పశువుకు మేతను కొలవలేమా?

మిత్రులారా, ఒక్క ఆవుకు బీమా చేయించండి, మందకు టీకా వేయించి బీమా చేయించండి, పిల్లికి మాత్రం డబ్బు దాచండి. ఇది ఇంటికి సంబంధించిన మాట. ఊరికి సంబంధించిన మాట మరొకటి ఉంది. మనలో సగం మందిమి పశువుల దొడ్డి ఊడ్చి వచ్చినవాళ్లమే. ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో చెట్లు నాటినట్టే, ఒక పూట ఊళ్లో కూర్చుని చెవిపోగు నంబర్లు, ధరలు, పాలసీ గడువులు రాసిపెడితే ఎందరో రైతుల క్లెయిములు నిలబడతాయి. మేత కరువుకు కూడా బీమా కావాలని అడగవలసింది కూడా మనమే. చావుకు వెలకట్టే బీమా ఉంది. బతుకును నిలబెట్టే బీమా మన కరువు సీమకు ఇంకా రావలసి ఉంది.