ఓడ యెక్కించిన చాలునా?

మన గోదావరి సీమవారు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్పుకొని గర్వించుచున్నారు. గర్వింపదగినదే. కాని యా కీర్తిలో మన వంతెంత?

1895లో భీమవరమున పుట్టిన యాయన గ్రహణి రోగమువలన సోదరుని కోల్పోయెను. తానును దానిచే బాధపడెను. మామగారి సాయమును, కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మనిధి యండయు తోడుకాగా అమెరికా కేగెను. అచ్చట 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది గ్రహణి రోగులకు మందయ్యెను. నేడు మన పల్లెలలో గర్భిణుల కిచ్చు ఇనుము మాత్రలో కలిసియున్నది అదియే. 1948లో ఆయన పరదేశముననే కన్నుమూసెను. ఆయన పేర మన దేశమున తపాలా బిళ్ళ వెలువడుటకు 1995 రావలసివచ్చెను!

"ప్రతిభ గలవాడెచ్చట నున్నను రాణించును. పేదదేశమునకు ముందు కూడు కావలెను, ప్రయోగశాల లేల?" అని కొందరందురు. మేమొప్పుకొనము. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తికాకున్నచో ఈ డెల్టాకు కూడెక్కడిది? అదియు శాస్త్రఫలమే కదా!

మన రోగమును, మన పైరు తెగులును కన్నులార చూచినవానికే వానిని గూర్చిన ప్రశ్న ముందుగా తోచును. అట్టివానికి పరికరములు, గ్రంథములు, నెలజీతము ఇచ్చటనే దొరకవలెను. పెండ్లిపందిళ్ళకు లక్షలు వెచ్చించు మన కుటుంబములు పదికూడి యొక్క పరిశోధక విద్యార్థిని పోషింపలేవా? ప్రభుత్వమును ప్రయోగశాల యేదని యడుగలేవా?

ఓడ యెక్కించుట దానము. తిరిగివచ్చినవానికి పని చూపుట ధర్మము. ముందీ ధర్మము నెరవేర్తము; విగ్రహములు తరువాత నిలుపుకొందము.