33 ఏళ్లు ఆగిన పాటలు

నిర్మాత వద్దన్నాడని సంగీత దర్శకుడు ట్యూన్‌ని పారేసుకోడు. దాచిపెడతాడు. ఏడాదికో రెండేళ్లకో మరో సినిమాలో అదే సూపర్‌హిట్టవుతుంది. ఫిల్మ్‌నగర్‌లో ఇది మామూలే. మరి దాచిన బాణీల్ని 33 ఏళ్ల తర్వాత బయటికి తీస్తే?

లండన్ బ్యాండ్ ‘వైర్’ ఆ పనే చేసింది.

1976లో మొదలైన బృందమిది. పంక్ అంటే గిటార్ బాదడం, గొంతు చించుకోవడం అనుకునే రోజులవి. వీళ్ల దారి వేరు. గాయకుడు కోలిన్ న్యూమన్ ఆర్ట్ కాలేజీలో చదివినవాడు. చెప్పాల్సింది అయిపోతే పాట అక్కడే ఆపేసేవాళ్లు. అందుకే 1977 నాటి తొలి ఆల్బమ్ ‘పింక్ ఫ్లాగ్’లో 21 పాటలున్నా నిడివి సుమారు 35 నిమిషాలే. ఒక పాటయితే అర నిమిషం కూడా లేదు. మనకైతే అంతలో పల్లవి కూడా పూర్తవదు!

1979లో మూడో ఆల్బమ్ ‘154’ వచ్చాక ఈఎంఐ కంపెనీతో చెడింది. చేతిలో బోలెడు కొత్త పాటలు... రికార్డు చేసే దారి లేదు. 1980 ఫిబ్రవరి 29న లండన్ ఎలక్ట్రిక్ బాల్‌రూమ్‌లో వాటిని సగం ఉడికినవి ఉడికినట్టే వడ్డించేశారు. ఒక పాటకు వేదికపై గ్యాస్ పొయ్యిని బాదారు. మరో పాటకు తలలకు న్యూస్‌పేపర్లు చుట్టుకుని పన్నెండుమంది తాళం వేశారు. పాత పాటల కోసం వచ్చిన జనం మండిపడ్డారు. ఆ గోలంతా 1981లో ‘డాక్యుమెంట్ అండ్ ఐవిట్‌నెస్’ పేరుతో రికార్డుగా వచ్చింది. అప్పటికే బ్యాండ్ ఆగిపోయింది.

మళ్లీ కలిశారు, విడిపోయారు, కలిశారు. 2013లో ‘చేంజ్ బికమ్స్ అజ్’ వచ్చింది. ఇందులోని 13 పాటలకూ మూలం 1979-80ల్లో వదిలేసిన ఆ ముక్కలే. పాతవాటిని ఉన్నదున్నట్టు దింపలేదు. విత్తనం మాత్రం ఉంచుకుని మళ్లీ నాటారు. న్యూస్‌పేపర్ తలపాగాల నాటి ఆ అక్షరాల అరుపే ‘రీ-ఇన్వెంట్ యువర్ సెకండ్ వీల్’ అయింది. ఎంత తియ్యని మెలడీయో!

పోయిందీ ఉంది. నాటి గిటారిస్టు బ్రూస్ గిల్బర్ట్ ఇందులో లేడు. ఆ స్థానంలో వాయించిన మాథ్యూ సిమ్స్ మిగతావాళ్లకంటే చాలా చిన్నవాడు. వాయింపు శుభ్రంగా ఉంది. ఏ క్షణాన ఏమవుతుందోనన్న ఆ రాత్రి గుబులు మాత్రం లేదు. అది కావాలంటే 1981 రికార్డే వినాలి. కొత్తగా వినేవాళ్లు ముందు 2013 నాటిదే పెట్టుకోండి. పొయ్యి మోత తర్వాత వినొచ్చు.